కమాండ్‌లో ‘ఎస్‌డీబీ’ అని నేరుగా అచ్చు వేయకండి

సంపాదకులకు,

లినక్స్ ఇన్‌స్టాల్ చేసుకోవడం, పెన్‌డ్రైవ్‌ను బూటబుల్‌గా మార్చుకోవడం, పాత డిస్కులోని సరుకంతా కొత్త డిస్కుకు ఎక్కించుకోవడం వంటి పనుల మీద తెలుగులో వ్యాసాలు బాగా వస్తున్నాయి. రావాలి కూడా. అయితే వాటిలో ఒక ప్రమాదకరమైన అలవాటు పాతుకుపోయింది. ‘టెర్మినల్ తెరిచి ఈ కమాండ్ ఇవ్వండి’ అంటూ, డీడీ (డేటాను ఉన్నదున్నట్టు నకలు చేసే కమాండ్) చివర, ఎక్కడ రాయాలో చెప్పే ఓఎఫ్=/డెవ్/ఎస్‌డీబీ అని నేరుగా అచ్చు వేస్తున్నారు. రాసినవారి కంప్యూటర్లో ఆ పూట పెన్‌డ్రైవ్ ఎస్‌డీబీ అయ్యుండవచ్చు. చదివినవారి కంప్యూటర్లో ఎస్‌డీబీ అంటే ఏళ్ల తరబడి ఫొటోలు, లెక్కలు దాచుకున్న రెండో హార్డ్‌డిస్క్ కావచ్చు. డీడీ ‘ఖాయమేనా?’ అని అడగదు. ఎంటర్ నొక్కగానే మొదటి సెక్టర్ నుంచి తుడిచిపెట్టుకుంటూ పోతుంది.

అందుకే ఈ ఉత్తరం. డిస్కు మీద రాసే కమాండ్ ఏదైనా సరే, అందులో డిస్కు పేరు ఉండాల్సిన చోట ఖాళీ వదలండి. ఆ ఖాళీని పాఠకుడు ఎలా పూరించుకోవాలో దాని పక్కనే చెప్పండి. అలా చెప్పాలంటే /డెవ్ కింద కనిపించే ఆ ఫైళ్లు అసలేమిటో ముందు తెలియాలి. కమాండ్లన్నీ ఇక్కడ తెలుగు లిపిలోనే రాస్తున్నాం. టైపు చేసేటప్పుడు ఇంగ్లిష్ చిన్న అక్షరాలే వాడాలి, పెద్దవి కావాల్సిన చోట విడిగా చెబుతాం.

/డెవ్/ఎస్‌డీబీలో డేటా ఏమీ ఉండదు. అది లినక్స్ మూల ప్రోగ్రామ్ అయిన కెర్నెల్‌లోని డ్రైవర్‌ను, అంటే పరికరాన్ని నడిపే భాగాన్ని చేరుకోవడానికి పెట్టిన ఒక గుర్తు, అంతే. ఎల్ఎస్ -ఎల్ /డెవ్/ఎస్‌డీబీ అని కొట్టి చూడండి. వరుస మొదట్లో బీ అనే అక్షరం ఉంటుంది. అంటే అది బ్లాక్ డివైస్, డేటాను బ్లాకులుగా చదివి రాసే పరికరం. మామూలు ఫైలుకైతే సైజు కనిపించే చోట ఇక్కడ 8, 16 అని రెండు అంకెలుంటాయి. మొదటిది మేజర్ నంబరు, ఏ డ్రైవర్ అన్నది చెబుతుంది. 8 అంటే ఎస్‌డీ డ్రైవర్. రెండోది మైనర్ నంబరు, ఆ డ్రైవర్ కింద ఎన్నో పరికరమన్నది చెబుతుంది. ఒక్కో డిస్కుకు 16 మైనర్ నంబర్లు కేటాయించారు: మొత్తం డిస్కుకు ఒకటి, పార్టిషన్లకు (డిస్కులోని విభాగాలకు) 15. కాబట్టి ఎస్‌డీఏ 8, 0 అవుతుంది. ఎస్‌డీఏ1కి 8, 1, ఎస్‌డీబీకి 8, 16, ఎస్‌డీబీ1కి 8, 17 వస్తాయి. పదహారు డిస్కులతో మేజర్ 8 నిండిపోతుంది. పదిహేడోదైన ఎస్‌డీక్యూ మేజర్ 65లో మొదలవుతుంది. పదిహేను దాటిన పార్టిషన్లకు మేజర్ 259 కింద నంబర్లు దొరుకుతాయి.

కెర్నెల్‌కు కావాల్సింది ఈ రెండు అంకెలే. పేరుతో దానికి పని లేదు. ఎమ్‌కేనోడ్ కమాండ్‌తో 8, 16 అంకెలిచ్చి మీకు తోచిన పేరుతో ఇంకో ఫైలు సృష్టిస్తే, అదీ అదే డిస్కును తెరుస్తుంది. అలాగే /డెవ్/ఎస్‌డీబీ అనే ఫైలును ఆర్ఎమ్ కమాండ్‌తో తొలగించినంత మాత్రాన డిస్కులోని ఒక్క బైటు కూడా పోదు. పరికరాలను ఇలా ఫైళ్లుగా చూపించడం యూనిక్స్ తొలినాళ్ల నుంచీ ఉన్నదే. డెన్నిస్ రిచీ, కెన్ థాంప్సన్ 1974లో రాసిన వ్యాసంలోనే దీని లాభాలు చెప్పారు: ఫైలుకైనా పరికరానికైనా చదవడం, రాయడం ఒకే తీరు, ఫైలు పేరు అడిగే ప్రోగ్రామ్‌కు పరికరం పేరూ ఇవ్వొచ్చు, అనుమతుల పద్ధతి కూడా రెంటికీ ఒకటే. మన చిక్కు ఆ రెండో లాభంలోంచే పుడుతోంది. సీపీ, క్యాట్, డీడీ వంటి మామూలు కమాండ్లకు తాము రాస్తున్నది ఫైలులోకా, డిస్కు మొత్తం మీదకా అన్న పట్టింపు లేదు.

పూర్వం /డెవ్‌లో వందల ఫైళ్లు ముందే సృష్టించి పెట్టేవారు. డిస్కు ఉన్నా లేకపోయినా పేరు మాత్రం ఉండేది. 2009లో వచ్చిన లినక్స్ 2.6.32లో డెవ్‌టీఎమ్‌పీఎఫ్ఎస్ చేరింది. ఇప్పుడు కెర్నెల్ పరికరాన్ని గుర్తించినప్పుడు మెమొరీలోనే ఆ ఫైలు పుడుతుంది, పరికరం తీసేస్తే పోతుంది. దాని అనుమతులను సరిచేయడం, అదనపు లింకులు పెట్టడం యూడెవ్ అనే ప్రోగ్రామ్ చూసుకుంటుంది.

ఇక అక్షరాల సంగతి. ఎస్‌డీఏ, ఎస్‌డీబీ, ఎస్‌డీసీ అన్నవి కనిపెట్టిన వరుసలో కెర్నెల్ పంచిన టోకెన్లు. మళ్లీ బూట్ అయితే మళ్లీ పంపకమే. లోపలి డిస్కులు తగిలించే సాటా కంట్రోలర్లు, యూఎస్‌బీ పోర్టులు ఏకకాలంలో తనిఖీ అవుతాయి కాబట్టి ఏది ముందు బదులిస్తే దానికి ముందు అక్షరం దక్కుతుంది. పెన్‌డ్రైవ్ పెట్టే ఉంచి రీబూట్ చేస్తే అదే ఎస్‌డీఏ అయి, లోపలి డిస్కు ఎస్‌డీబీ కావడం వింతేమీ కాదు. ఇంకో సందర్భం తరచూ ఎదురవుతుంది. పెన్‌డ్రైవ్‌ను అన్‌మౌంట్ చేయకుండా (వాడకం నుంచి విడిపించకుండా) లాగేసి మళ్లీ పెడితే, పాత ఎస్‌డీబీ ఇంకా వాడకంలోనే ఉన్నట్టు లెక్క గనక ఈసారి అది ఎస్‌డీసీగా వస్తుంది. ఐదు నిమిషాల క్రితం పనిచేసిన కమాండ్‌ను పై బాణం మీటతో తెచ్చుకుని మళ్లీ కొట్టేవారికి ఇక్కడే దెబ్బ తగులుతుంది.

ఎన్‌వీఎమ్ఈ అనే వేగవంతమైన ఎస్‌ఎస్‌డీ డిస్కుల పేర్లు వేరుగా ఉంటాయి. ఎన్‌వీఎమ్ఈ0ఎన్1పీ2 అంటే సున్నా నంబరు కంట్రోలర్, అందులో 1వ నేమ్‌స్పేస్ (కంట్రోలర్ ఒక డిస్కుగా చూపే భాగం), అందులో 2వ పార్టిషన్. కంట్రోలర్ లెక్క సున్నాతో, నేమ్‌స్పేస్ లెక్క ఒకటితో మొదలవుతాయి. పేరు అంకెతో ముగుస్తుంది కాబట్టే పార్టిషన్ నంబరుకు ముందు పీ చేర్చారు. ఎస్‌డీ కార్డుల ఎమ్ఎమ్‌సీబీఎల్‌కే0పీ1లోనూ అంతే. అలాంటి డిస్కులు రెండున్న యంత్రంలో 0, 1 నంబర్లు కూడా తారుమారు కావచ్చు. అక్షరాల బదులు అంకెలున్నాయని ధీమా పనికిరాదు.

మారని పేర్లు కావాలంటే /డెవ్/డిస్క్ డైరెక్టరీలో ఉన్నాయి. అందులో బై-ఐడీ కింద డిస్కు మోడల్, సీరియల్ నంబరు కలిసిన పేర్లుంటాయి. సాటా డిస్కుల పేర్లు ఏటీఏ-తో, పెన్‌డ్రైవ్‌లవి యూఎస్‌బీ-తో, ఎన్‌వీఎమ్ఈవి ఎన్‌వీఎమ్ఈ-తో మొదలవుతాయి. పార్టిషన్ అయితే చివర -పార్ట్1 వంటి తోక ఉంటుంది. ఇవి లింకులే, అసలు ఎస్‌డీఏ, ఎస్‌డీబీల వైపే చూపిస్తాయి. కానీ అక్షరం మారితే యూడెవ్ లింకును కూడా మార్చేస్తుంది. డిస్కు మొత్తం మీద చేసే పనికి ఇంతకంటే భద్రమైన పేరు లేదు. యూఎస్‌బీ-తో మొదలయ్యే పేరు టైపు చేస్తే, ట్యాబ్ మీట ఎన్నిసార్లు నొక్కినా అది లోపలి డిస్కు మీదకు వెళ్లే ప్రసక్తే లేదు. ఒక్క జాగ్రత్త: కొన్ని చవక యూఎస్‌బీ కేసులు (డిస్కును అమర్చుకునే పెట్టెలు) లోపలి డిస్కు సీరియల్ బదులు తమ సొంత సీరియల్ చెబుతాయి. ఒకే రకం కేసులు రెండుంటే రెండూ ఒకే సీరియల్ చెప్పవచ్చు కూడా. అప్పుడు ఏ పోర్టులో ఉందో చెప్పే బై-పాత్ పేరు మేలు.

డీడీ కొట్టే ముందు చేయాల్సిన పని ఇది. పెన్‌డ్రైవ్ పెట్టకుండా ఒకసారి, పెట్టాక ఒకసారి ఈ కమాండ్ ఇవ్వాలి:

ఎల్ఎస్‌బీఎల్‌కే -డీ -ఓ నేమ్,సైజ్,మోడల్,సీరియల్,ట్రాన్

కొత్తగా చేరిన వరుసే మీ పెన్‌డ్రైవ్. డిస్కు ఏ మార్గంలో తగిలిందో చెప్పే ట్రాన్ గడిలో యూఎస్‌బీ అని ఉండాలి, సాటా అనో ఎన్‌వీఎమ్ఈ అనో ఉంటే అక్కడితో ఆగిపోవాలి. సైజు చూసి కంగారు పడనక్కర్లేదు. తయారీదారు 32 జీబీ అంటే 3,200 కోట్ల బైట్లు. ఎల్ఎస్‌బీఎల్‌కే 1024తో భాగించే లెక్క కాబట్టి 29.8 దాకానే చూపిస్తుంది. 1 టీబీ డిస్కు 931.5గా కనిపించేదీ ఇందుకే.

తర్వాత, డెస్క్‌టాప్ తనంతట తాను మౌంట్ చేసిన పార్టిషన్లన్నిటినీ యూమౌంట్‌తో వదిలించాలి. ఈ మెట్టును చాలా వ్యాసాలు ఎగరగొడుతున్నాయి. పాత ఫైల్ సిస్టమ్ (పార్టిషన్‌లో ఫైళ్ల అమరిక) మౌంట్ అయి ఉండగా కింద నుంచి ఐఎస్ఓ (ఇన్‌స్టాల్ డిస్కు మొత్తం ఒకే ఫైలుగా ఉన్నది) రాస్తే, కెర్నెల్ మెమొరీలో మిగిలిన పాత ఫైల్ సిస్టమ్ బ్లాకులు కాసేపటికి కొత్త డేటా మీద వచ్చి పడతాయి. రాయడం సాఫీగా ముగిసినట్టే ఉంటుంది, ఇన్‌స్టాల్ మధ్యలో మాత్రం ఏదో ఫైలు చెడిపోయిందని వస్తుంది. జనం ఐఎస్ఓను మళ్లీ మళ్లీ డౌన్‌లోడ్ చేసుకుంటారు, తప్పు అక్కడ లేకపోయినా.

ఆ తర్వాతే కమాండ్. ఖాళీ ఎలా వదలాలో చూపడానికి ఇక్కడ రాస్తున్నాం:

డీడీ ఐఎఫ్=<ఐఎస్ఓ ఫైలు> ఓఎఫ్=/డెవ్/డిస్క్/బై-ఐడీ/<మీ పెన్‌డ్రైవ్ పేరు> బీఎస్=4ఎమ్ కన్వ్=నోక్రియేట్,ఎఫ్‌సింక్ స్టేటస్=ప్రోగ్రెస్

ఇందులో 4ఎమ్‌లోని ఎమ్ పెద్ద అక్షరం. నోక్రియేట్ అన్న మాటను ఎన్ఓసీఆర్ఈఏటీ అని, చివరి ఈ లేకుండా టైపు చేయాలి. బీఎస్ ఇవ్వకపోతే డీడీ 512 బైట్ల చొప్పున తోడుతుంది, పని నత్తనడక నడుస్తుంది.

కన్వ్‌లోని రెండు మాటలూ చాలామంది వదిలేసేవే, కానీ ఉండి తీరాల్సినవి. నోక్రియేట్ ఎందుకంటే, పేరు తప్పు కొట్టినా, ఈలోగా పెన్‌డ్రైవ్ ఊడిపోయినా ఆ పేరుతో డివైస్ ఫైలు ఉండదు. లేని పేరు ఇస్తే డీడీ మామూలు ఫైలును సృష్టించి అందులో రాయడం మొదలుపెడుతుంది. /డెవ్ ఉన్నది మెమొరీలో. కాబట్టి పెన్‌డ్రైవ్‌కు అసాధ్యమైన వేగంతో అంకెలు పరుగెడతాయి, లేదా ‘పరికరంలో చోటు లేదు’ అన్న సందేశం వస్తుంది. ఖాళీ పెన్‌డ్రైవ్‌లో చోటు లేకపోవడమేమిటని తల పట్టుకుంటారు. ఎల్ఎస్ -ఎల్ చేస్తే వరుస మొదట బీ బదులు గీత కనిపిస్తుంది. అంటే మామూలు ఫైలు. దాన్ని తొలగిస్తే సరిపోతుంది. నోక్రియేట్ పెడితే ఈ గొడవే రాదు, పేరు లేదని చెప్పి డీడీ ఆగిపోతుంది.

ఎఫ్‌సింక్ సంగతి వేరు. బ్లాక్ డివైస్ మీద రాసేది ముందు కెర్నెల్ పేజ్ క్యాష్‌లోకి, అంటే మెమొరీలోకి వెళ్తుంది. తగినంత మెమొరీ ఉన్న యంత్రంలో 3 జీబీ ఐఎస్ఓ క్షణాల్లో రాసేసినట్టు కనిపిస్తుంది, పెన్‌డ్రైవ్ లైటు మాత్రం ఇంకా వెలుగుతూనే ఉంటుంది. అప్పుడు లాగేస్తే సగమే రాసి ఉంటుంది. ఎఫ్‌సింక్ ఉంటే చివరి బైటు పరికరానికి చేరాకే డీడీ ముగుస్తుంది.

డిస్కు, పార్టిషన్, ఫైల్ సిస్టమ్ అనే మూడు పొరలను కలిపేయడం ఇంకో తప్పు. ఎస్‌డీబీ అంటే సున్నా సెక్టర్ నుంచి చివరి సెక్టర్ దాకా. ఎస్‌డీబీ1 అంటే అందులో ఒక ముక్క, ఇప్పుడు సాధారణంగా 2048వ సెక్టర్ దగ్గర, అంటే డిస్కు మొదటి నుంచి 1 ఎమ్ఐబీ (1024×1024 బైట్లు) దూరంలో మొదలవుతుంది. ఐఎస్ఓను ఎస్‌డీబీ1 మీద రాస్తే పెన్‌డ్రైవ్ బూట్ కాదు. ఐఎస్ఓ తన పార్టిషన్ పట్టికను తానే వెంట తెచ్చుకుంటుంది, ఫర్మ్‌వేర్ (కంప్యూటర్ ఆన్ కాగానే మొదట నడిచే ప్రోగ్రామ్) దాన్ని డిస్కు మొదట్లో వెతుకుతుంది, అది 1 ఎమ్ఐబీ దూరంలో ఉంటే దొరకదు. సరిగ్గా రాసిన తర్వాత 32 జీబీ పెన్‌డ్రైవ్ రెండు మూడు జీబీలే చూపిస్తే పాడైందనుకోవద్దు. ఉన్నది ఐఎస్ఓ తెచ్చుకున్న పట్టిక. పని అయ్యాక, మళ్లీ ఎల్ఎస్‌బీఎల్‌కేతో పేరు సరిచూసుకుని, పాత గుర్తులను చెరిపే వైప్‌ఎఫ్ఎస్ -ఏ ఇచ్చి కొత్త పట్టిక వేసుకుంటే మొత్తం చోటు తిరిగి వస్తుంది.

పార్టిషన్ నంబర్లను కూడా వరుస లెక్కగా తీసుకోకూడదు. పాత తరహా పార్టిషన్ పట్టిక అయిన ఎమ్‌బీఆర్ పద్ధతిలో మొదటి సెక్టర్ 512 బైట్లలో 446 బూట్ కోడ్‌కు, 64 పట్టికకు, చివరి 2 సంతకానికి పోతాయి. ఆ 64లో 16 బైట్ల గడులు నాలుగే పడతాయి. అందుకే ప్రైమరీలు 1 నుంచి 4 వరకే, లాజికల్ పార్టిషన్లు ఎప్పుడూ 5 నుంచే. ఎస్‌డీఏ3 లేకుండా ఎస్‌డీఏ5 ఉందంటే ఏదో పోయిందని కాదు.

బూట్ అయ్యేటప్పుడు వేటిని మౌంట్ చేయాలో చెప్పే ఎఫ్ఎస్‌ట్యాబ్ ఫైలులో /డెవ్/ఎస్‌డీబీ1 అని రాయమనే సలహా కూడా మానాలి. ఒకరోజు అక్షరం మారుతుంది, బూట్ 90 సెకన్లు ఎదురుచూసి ఎమర్జెన్సీ మోడ్‌లో ఆగిపోతుంది. బీఎల్‌కేఐడీ కమాండ్ చూపించే యూయూఐడీ (ఫైల్ సిస్టమ్ గుర్తింపు సంఖ్య) రాయాలి. అది ఫైల్ సిస్టమ్‌లోనే ఉంటుంది కాబట్టి ఏ పోర్టుకు మార్చినా వెంటే వస్తుంది. బయటి డిస్కులకు నోఫెయిల్ (డిస్కు లేకపోయినా బూట్ ఆగకూడదని చెప్పే మాట) కూడా చేర్చాలి. మార్చిన తర్వాత రీబూట్ చేసే ముందు ఫైండ్‌ఎమ్‌ఎన్‌టీ --వెరిఫై ఒకసారి కొడితే తప్పులు అప్పుడే బయటపడతాయి. ఫార్మాట్ చేస్తే యూయూఐడీ మారుతుందనీ, ఎఫ్ఎస్‌ట్యాబ్‌లోనూ మార్చుకోవాలనీ గుర్తుండాలి.

యూయూఐడీకీ ఒక లొసుగుంది. డిస్కు మొత్తాన్ని డీడీతో నకలు తీస్తే అదీ నకలవుతుంది. అసలు, నకలు రెండూ తగిలించి బూట్ చేస్తే ఏది మౌంట్ అవుతుందో చెప్పలేం. ఒకే యూయూఐడీతో రెండోది కనిపిస్తే ఎక్స్‌ఎఫ్ఎస్ అనే ఫైల్ సిస్టమ్ మౌంట్‌కు ఒప్పుకోదు. బీటీఆర్ఎఫ్ఎస్ అయితే రెంటినీ ఒకటిగా పొరబడి డేటా పాడయ్యే ముప్పుంది. నకలు పూర్తికాగానే ఒక డిస్కు తీసేయడం ఉత్తమం. కుదరకపోతే, అన్‌మౌంట్ చేసి ఉన్న ఈఎక్స్‌టీ4 నకలుకు ట్యూన్2ఎఫ్ఎస్ -యూ రాండమ్ కమాండ్‌తో కొత్త యూయూఐడీ ఇవ్వాలి. ఇక్కడి యూ పెద్ద అక్షరం.

‘పర్మిషన్ డినైడ్’ అని వస్తే యూజర్‌ను డిస్క్ గ్రూపులో చేర్చమని కొందరు రాస్తున్నారు. ఇది మరీ అన్యాయం. ఆ గ్రూపుకు డిస్కు డివైస్ ఫైళ్లను చదివే, రాసే హక్కు ఉంటుంది. డివైస్ ఫైలును నేరుగా చదివినప్పుడు లోపలి ఫైళ్ల అనుమతులేవీ అడ్డురావు, పాస్‌వర్డుల ఫైలుతో సహా. అంటే రూట్ (సర్వాధికారాలున్న యూజర్) అధికారం ఇచ్చినట్టే. ఆ ఒక్క కమాండ్‌ను రూట్‌గా నడిపే సుడో సరిపోతుంది.

ఇతర యూనిక్స్‌లవాళ్లకు లినక్స్ పేర్లు అసలే పనికిరావు. ఫ్రీబీఎస్‌డీలో సాటా డిస్కు ఏడీఏ0, యూఎస్‌బీ డిస్కు డీఏ0. అక్కడ డిస్కులకు బ్లాక్ డివైస్ ఫైళ్లను ఎప్పుడో తీసేశారు, ఎల్ఎస్ -ఎల్‌లో బీ కాదు, సీ కనిపిస్తుంది. ఓపెన్‌బీఎస్‌డీలో డిస్కు మొత్తానికి సీ అనే పార్టిషన్ అక్షరం వాడతారు, ఎస్‌డీ0సీ అన్నట్టు. లినక్స్ అలవాటుతో దాన్ని మూడో పార్టిషన్ అనుకుంటే డిస్కంతా పోతుంది. మ్యాక్‌ఓఎస్‌లో డిస్క్2, ఆర్‌డిస్క్2 ఒకే పరికరానికి రెండు పేర్లు. ఆర్ ఉన్నది క్యాష్‌ను దాటి వెళ్తుంది, డీడీకి అదే వేగం. అక్కడ ముందు డిస్క్‌యుటిల్ లిస్ట్‌తో గుర్తుపట్టి, డిస్క్‌యుటిల్ అన్‌మౌంట్‌డిస్క్ ఇవ్వాలి (ఇందులో రెండో డీ పెద్ద అక్షరం). ఎజెక్ట్ చేస్తే పరికరమే కనిపించకుండా పోతుంది. పాత మ్యాక్‌ల డీడీ బీఎస్=4ఎమ్‌లో చిన్న ఎమ్‌నే తీసుకుంటుంది, లినక్స్‌లోని గ్నూ డీడీ పెద్ద ఎమ్‌నే ఒప్పుకుంటుంది.

ఇప్పటికే పొరపాటు జరిగిపోయినవారి కోసం నాలుగు మాటలు కూడా మీ వ్యాసాల్లో ఉండాలి. డీడీ తప్పు డిస్కు మీద నడుస్తోందని తెలిసిన క్షణమే కంట్రోల్-సీ నొక్కాలి. రీబూట్ చేయకూడదు. ఆ డిస్కు పార్టిషన్లలో ఒక్కటైనా మౌంట్ అయి ఉంటే, పాత పార్టిషన్ పట్టిక కెర్నెల్ మెమొరీలో ఇంకా ఉంటుంది. /సిస్/బ్లాక్/ఎస్‌డీబీ/ఎస్‌డీబీ1 డైరెక్టరీలోని స్టార్ట్, సైజ్ ఫైళ్లను క్యాట్‌తో చదివి, ఒక్కో పార్టిషన్‌కు ఆ రెండు అంకెలనూ కాగితం మీద రాసుకోవాలి. అవి 512 బైట్ల సెక్టర్ల లెక్కలో ఉంటాయి. రీబూట్ అయితే ఆ అంకెలు పోతాయి. జీపీటీ (కొత్త తరహా పార్టిషన్ పట్టిక) డిస్కయితే పట్టిక రెండో ప్రతి డిస్కు చివర్లో ఉంటుంది, జీడిస్క్ ప్రోగ్రామ్ దాంతో మొదటి ప్రతిని తిరిగి నిర్మించగలదు. 4 కేఐబీ బ్లాకులున్న ఈఎక్స్‌టీ4లో సూపర్‌బ్లాక్ (ఫైల్ సిస్టమ్ వివరాలుండే బ్లాకు) నకలు సాధారణంగా 32768వ బ్లాకులో దొరుకుతుంది, ఈ2ఎఫ్ఎస్‌సీకే -బీ 32768 అని దాన్ని వాడుకోవచ్చు. కొత్త రాత పడిన చోట ఉన్నదైతే తిరిగి రాదు. దాని తర్వాతి భాగం కోసం చేసే ఏ ప్రయత్నమైనా అసలు డిస్కు మీద చేయకూడదు. ఆ అంకెలు రాసుకున్నాక పార్టిషన్లన్నీ అన్‌మౌంట్ చేసి, అంతే సైజో ఇంకా పెద్దదో అయిన మరో డిస్కులోకి డీడీరెస్క్యూతో నకలు తీసి, పైన చెప్పిన మరమ్మతులు ఆ నకలు మీదే చేయాలి.

ఇట్లు,
సిస్టమ్ అడ్మినిస్ట్రేషన్ పనిలో ఉన్న మీ పాఠకులు